మే ఒకటో తారీఖు మజ్జిగ

మే నెల మొదటి రోజు పొద్దున్న ఇంట్లోంచి పాలు గానీ, నిప్పు గానీ, ఆఖరికి పొయ్యిలో బూడిద గానీ గడప దాటించకూడదని నాకెవరూ చెప్పలేదు. గాల్వే కాలేజీలో నాకు రసాయనశాస్త్రం చెప్పిన పంతుళ్ళు లోకంలోని సంగతులన్నీ చెప్పేశామనుకున్నారు గానీ ఈ ఒక్కటీ వదిలేశారు. మా అత్తగారు డిలియా కూడా చెప్పలేదు. చెప్పాలని ఆవిడకి తట్టి ఉండదు. ఊపిరి పీల్చుకోమ్మా అని కొత్త కోడలికి ఏ అత్తగారు చెబుతుంది?

నేను ఆ ఏడాదే, ఈస్టరు ముందరి ఉపవాసాలు మొదలుకాకముందే పెళ్ళి చేసుకుని, మేయో జిల్లా పల్లెలో ఉన్న ఆ ఇంటికి వచ్చాను. పెళ్ళయిన ఆడది సర్కారు కొలువుకి పనికిరాదని ఆ రోజుల్లో కట్టడి. నన్నూ నా డిగ్రీనీ ఒకే పెట్టెలో సర్ది పంపించేశారు.

ఆ పొద్దున్న నా మొగుడు మలకీ పొయ్యిలో కట్టెలకి బదులు కాల్చే బురదమట్టి, టర్ఫు గడ్డలు కోసుకురావడానికి బాడవలోకి పోయాడు. అత్తగారు కొట్టంలో పాలు పితుకుతోంది. ఆవిడ తమ్ముడు ఫెస్టస్ మావయ్య, పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, ఎప్పట్లాగే పొయ్యి పక్కన కుర్చీలో ఉన్నాడు. ఉండడం తప్ప ఆయన ఇంకో పని చేయగా నేను చూడలేదు.

పొలం అవతలి ఇంటి సబీనా గెరాటీ గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. చేతిలో చిన్న రేకుడబ్బా.

"ఎథ్నా, తల్లీ, రొట్టె పిండిలో వంటసోడా కలిపేసి కూచున్నానమ్మా. తీరా చూస్తే నా మజ్జిగ తీగలు సాగుతోంది. ఒక్క డబ్బాడు పొయ్యవూ?"

పోశాను. పాలకేంద్రం వాళ్ళు వచ్చాక ఆ చుట్టుపక్కల వెన్న ఇంట్లో చిలుక్కునేవాళ్ళు రెండిళ్ళే మిగిలారు, మేమూ సబీనా. ఆమె ఇంకెవర్ని అడుగుతుంది? ఆమె వెళ్ళిపోయాక ఫెస్టస్ మావయ్య కుర్చీలో కదిలి, ఏదో అనబోయి, పైపు నోట్లో పెట్టుకున్నాడు.

అత్తయ్య పాలబకెట్టుతో లోపలికొచ్చింది. గడప మీద, మే పొద్దు ఆచారమని ఆవిడ చల్లిన పసుప్పచ్చ పువ్వుల మధ్య, తెల్లటి చుక్క ఒకటి పడి ఉంది.

"ఎవరొచ్చారు?"

"సబీనా వచ్చింది అత్తయ్యా. రొట్టెకి మజ్జిగ కావాలంటే ఇచ్చాను."

ఆవిడ బకెట్టు కింద పెట్టింది. "ఎంత?"

"చిన్న డబ్బాడు."

ఆవిడ వంగి కొంగుగుడ్డతో ఆ చుక్క తుడిచింది. "సరేలే" అంది. పిండి బేసిను దగ్గరికి లాక్కుంది. ఇంత మెత్తటి అత్తగారు ఎవరికి దొరుకుతారు అనుకున్నాను నేను.

బేసిను ఆవిడది. ఆ ఇంట్లో నేను అంట్లు తోమచ్చు, కోళ్ళకి వెయ్యచ్చు, మలకీ చొక్కాలు ఉతకచ్చు. బేసిను మాత్రం ముట్టుకోకూడదు. "చదువుకున్న చేతులు, పాడు చేసుకోకు పిల్లా" అనేది. పిండి గుప్పిళ్ళతో తీసేది. సోడా అరచేతి గుంటలో వేసుకుని బొటనవేలితో ఉండ లేకుండా నలిపేది. ఆ గుంటే కొలత. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని నేర్పిందట, వాళ్ళమ్మకి వాళ్ళమ్మ. నడుమ గొయ్యి చేసి పుల్లటి మజ్జిగ పోసి, వేళ్ళు విప్పి గుండ్రంగా ఒక్క తిప్పు తిప్పేది. పిసకడం, మర్దించడం ఏమీ లేదు. రొట్టెను గుండ్రంగా తట్టి, పైన శిలువ గీసి, ఇనపకుండలో పెట్టి మూత మీద నిప్పులు పోసేది. శిలువ దేవుడి కోసం అంటుంది అత్తయ్య. గుట్ట కింద ఉండే మాయలవాళ్ళు రొట్టెలో దూరితే బయటికి పోవడానికి అంటాడు ఫెస్టస్ మావయ్య. వేడి లోపలిదాకా పోవడానికని నేను ఒకసారి అన్నాను. ఇద్దరూ నాకేసి జాలిగా చూశారు.

ఆవుల సంగతి జూన్‌లో బయటపడింది.

ఆ ఏడాది ఊరూరా పశువులకి క్షయ పరీక్ష చేస్తున్నారు. పశువుల డాక్టరు వచ్చి ప్రతి ఆవు మెడకీ సూది వేసి, మళ్ళీ వచ్చి చూస్తానని వెళ్ళాడు. సూది వేసిన చోట గడ్డ కడితే ఆ ఆవుకి జబ్బున్నట్టు. ఆయన తిరిగొచ్చే రోజు పొద్దున్నే అత్తయ్య కొట్టంలో ఒక్కో ఆవు దగ్గరా నిలబడి మెడ తడమడం నేను తలుపు సందులోంచి చూశాను. చివరి ఆవు దగ్గర చాలాసేపు చెయ్యి అక్కడే ఉంచేసింది. లోపలికొచ్చి రొట్టె చేసింది.

డాక్టరు చూసి బయటికొచ్చాడు. పెద్దాయన, మంచిమనిషి. టోపీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఎన్ని?" అన్నాడు మలకీ.

"అన్నీనయ్యా" అన్నాడాయన.

అత్తయ్య ఆయన్ని కూచోబెట్టి టీ పోసింది. వేడి వేడి రొట్టె కోసి, దాని మీద అప్పటికప్పుడు తీసిన వెన్న దట్టంగా రాసి ముందు పెట్టింది. ఆయన మర్యాదగా తిన్నాడు. వాన గురించి మాట్లాడాడు, ఎండుగడ్డి గురించి మాట్లాడాడు. ఆయన లేచి వెళ్ళాక చూస్తే, వెన్నంతా కత్తితో గీకి పళ్ళెం అంచున చిన్న కుప్పగా పెట్టి ఉంది. అత్తయ్య ఆ పళ్ళెం కేసి చూస్తూ నిలబడింది. తరవాత ఆ పళ్ళెం కడగడానికి నాకిచ్చింది. ఆవిడ చేతి వెన్న ఎవరైనా వదిలేయడం నేను చూడటం అదే మొదలు. ఆవిడ చూడటం కూడా అదే మొదలనుకుంటాను.

లారీ వాన పడుతుండగా వచ్చింది. చెవులకి గుర్తులు వేసిన ఆవుల్ని కబేళాకని ఒకదాని వెనక ఒకటి ఎక్కించారు. తెల్లవీపుది ఎక్కనని మొరాయిస్తే అత్తయ్యే వెళ్ళి, దాని చెవిలో ఏదో చెప్పి, ఎక్కించి వచ్చింది. లోపలికొచ్చి వెన్న చిలికే చెక్కపీపాని వేన్నీళ్ళతో కడిగి, గోడ వార బోర్లించింది. కొట్టానికి సున్నం కొట్టి, డాక్టరు సరేననే దాకా కొత్త ఆవుల్ని తేకూడదన్నారు.

సబీనా గెరాటీ ఆవులన్నీ పరీక్షలో నిలబడ్డాయి. ఒక్కదానికి కూడా గడ్డ కట్టలేదు.

ఇక చెప్పాలా? ఆ ఆదివారం పూజ అయ్యాక గుడి గోడ దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి మాట్లాడ్డం ఆపేశారు. సబీనా కూచున్న బల్ల మీద ఇంకెవరూ కూచోలేదు. మే పొద్దున్న పాలు బయటికిస్తే ఆ ఏడాది పాడి అంతా పుచ్చుకున్నవాళ్ళ ఇంటికి పోతుందట. ఆ సంగతి నాకు చివరికి చెప్పింది ఫెస్టస్ మావయ్య.

"ఆ రోజే చెప్పచ్చుగా మావయ్యా! నువ్వక్కడే ఉన్నావు."

"నిద్రలో ఉన్నానే."

"కళ్ళు తెరిచే ఉన్నాయి."

"నేను తెరిచే నిద్రపోతాను. మీ అత్తనడుగు."

అత్తయ్య మాత్రం నన్ను ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది. నేను తిరిగి నాలుగు అనేదాన్ని, సూక్ష్మక్రిముల గురించి చెప్పేదాన్ని, పోట్లాడుకునేవాళ్ళం, తేలిపోయేది. ఆవిడ నా కేసి చూడటం మానేసింది, అంతే. ఉప్పు కావాలంటే ఫెస్టస్ మావయ్యని అడిగేది, ఉప్పు నా చేతిలో ఉన్నా సరే.

సబీనా పాల డబ్బా తెచ్చి మా గేటు దగ్గర పెట్టి వెళ్ళేది. పిలిచేది కాదు. అత్తయ్య వెళ్ళి దాన్ని తీసుకెళ్ళి కాలవలో వంపి, ఖాళీ డబ్బా గేటుకి తగిలించి వచ్చేది. ఆ ఇంటి చుక్క నా గడప తొక్కదు అంది ఒకసారి, నాతో కాదు, పొయ్యితో.

వాన వదల్లేదు. కోసిన గడ్డి పొలంలోనే నల్లబడింది. నేనూ మలకీ తడిగడ్డి తిరగేస్తున్నాం, అటు పక్కది ఇటు, ఇటు పక్కది అటు. ఎండ లేనప్పుడు ఆ పని ఎందుకు చేస్తున్నామో ఇద్దరికీ తెలీదు. మలకీ కొంకి కర్ర నేలకి గుచ్చి, "ఆ రోజు ఇవ్వకుండా ఉంటే పోయేది" అన్నాడు.

"నువ్వూనా?"

"నేనేమీ అనట్లేదు."

"ఇప్పుడే అన్నావు."

"అమ్మ గురించి అంటున్నా. అమ్మ ఇలా ఉండగా నేనెప్పుడూ చూళ్ళేదు. నాన్న పోయినప్పుడు కూడా మర్నాడు రొట్టె చేసింది."

అప్పటికి రొట్టె గొడవ మొదలైంది. పట్నం నుంచి దుకాణానికి సీసాల్లో వచ్చే కాచిన పాలు కొంటున్నాం. అవి పులవవు. పొయ్యి దగ్గర పెడితే కుళ్ళుతాయి, అంతే. అత్తయ్య ఆ పాలతోనే రొట్టె చేసింది. అదే గుప్పిడి, అదే అరచేతి గుంట, అదే తిప్పు. కోస్తే లోపలంతా పచ్చగా, అక్కడక్కడ ఆకుపచ్చగా. నోట్లో పెట్టుకుంటే సబ్బు.

ఎవరం ఏమీ అనకుండా తిన్నాం. మర్నాడూ అంతే. ఆ తరవాతి రోజు ఫెస్టస్ మావయ్య రొట్టె మీద జామ్ గరిటెతో వేసుకుని, "జామ్ బావుంది" అన్నాడు.

"రొట్టె?" అంది అత్తయ్య.

"రొట్టె కూడా... జామ్‌కి బాగా ఒదిగింది."

ఆవిడ తన ముక్క వాసన చూసింది. అరచెయ్యి తిప్పి ఆ గుంట కేసి చూసుకుంది. "నా చెయ్యి పోయింది" అంది.

అక్కడ నేను నోరు మూసుకోవలసింది. కానీ మూడేళ్ళు చదివి, ఆ చదువు ఒక్కరోజైనా అక్కరకి రాక, లోపల లోపలే పులిసిపోయి ఉన్నాను.

"చేతిదేం లేదు అత్తయ్యా. మజ్జిగలో పులుపుంటుంది కదా, అది సోడాని విరుస్తుంది. ఆ గాలికే రొట్టె పొంగుతుంది. ఈ పాలల్లో పులుపు లేదు. విరగని సోడా అలాగే మిగిలిపోయి పచ్చబడుతోంది. మీ తప్పు కాదు. పాల వల్ల."

ఆవిడ చాన్నాళ్ళ తరవాత నా కేసి చూసింది.

"అయితే" అంది నెమ్మదిగా, "ఇన్నేళ్ళూ రొట్టె చేసింది నేను కాదు. పాలన్నమాట."

ఆవిడ బేసిను కడిగి, తుడిచి, అలమర పైన పెట్టేసింది. కాలేజీ చదువు వల్ల ఆ ఇంటికి ఒనగూరిన ప్రయోజనం అది.

ఆ తరవాత దుకాణం రొట్టె వచ్చింది, కాయితంలో చుట్టి, ముందే కోసేసి. ఫెస్టస్ మావయ్య దాన్ని వేళ్ళ మధ్య నొక్కి ఉండ చేసి, "దీంతో తలగడ కుట్టించుకోవచ్చే" అన్నాడు. అత్తయ్య అది ముట్టుకోలేదు. రెండు ఉడికిన బంగాళదుంపలు తినేది, తరవాత ఒకటి, తరవాత అదీ పళ్ళెంలో వదిలేసేది. మంచం దిగడానికి పొద్దెక్కేది. మలకీ మనుషుల డాక్టర్ని తీసుకొచ్చాడు. ఆయన గుండె విని, నాలుక చూసి, జబ్బేమీ లేదన్నాడు. వానాకాలం మందగింపు అన్నాడు. ఆవిడ చేతి ఎముకలు చర్మం కింద ఒక్కొక్కటీ లెక్కకి వస్తున్నాయి. ఇలాగే వదిలేస్తే పంట రోజులు చూడదని ఇంట్లో అందరికీ తెలుసు.

నేను ఆ ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఆ బేసిను ఎప్పుడు నా చేతికొస్తుందా అని చూస్తున్నదాన్ని. ఇప్పుడది అలమర మీద దుమ్ముపట్టి ఉంది, ఎవరైనా దించుకోవచ్చు. దించలేకపోయాను. ఆవిడ లేచి దించాలి. అందుకు పుల్లమజ్జిగ కావాలి. పుల్లమజ్జిగ ఒక్క ఇంట్లోనే ఉంది.

శనివారం ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనానికి గుడికి పోతున్నానని చెప్పి, పొలం అడ్డంగా దాటి సబీనా ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి ఆమె నన్ను చూసి, నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసింది.

"తిట్టడానికైతే లోపలికొచ్చి తిట్టు. గుమ్మంలో వాన పడుతోంది."

"తిట్టడానికి కాదు. మజ్జిగ కావాలి."

ఆమె బల్ల మీద కూలబడింది. గోడ మీది క్యాలెండరు చూపించింది. "ఏప్రిల్ కాయితం చింపలేదమ్మా. ఒక్కదాన్నే ఉంటాను. ఏ రోజో నాకెవరు చెబుతారు? నీ దగ్గర మజ్జిగ పుచ్చుకుని ఇంటికొచ్చి చూస్తే రోడ్డు మీద పిల్లలు మే పువ్వులు పట్టుకుపోతున్నారు. మళ్ళీ తెచ్చి ఇచ్చేద్దామనుకున్నా. అప్పటికే పిండిలో పోసేశా, మిగిలింది మీగడలో తోడేశా."

"తోడేశావా?"

"నా తోడు చెడిపోయిందన్నానుగా. అప్పట్నుంచి ఇదే నడుస్తోంది, పీపా నుంచి పీపాకి." కుండ మూత తీసింది. "ఎవరొస్తున్నారు తాగడానికి? పంది తాగుతోంది. ఊరంతా నా వెన్న కేసి చూసి శిలువ గుర్తు వేసుకుంటున్నారు. నా ఆవులకి రోగం వచ్చినా బాగుండేదే పిల్లా. ఒట్టు. పొద్దున్నే వాటి మెడలు తడుముకుంటాను, గడ్డేదైనా వచ్చిందేమోనని ఆశగా."

ఎద్దులాంటి బలమైన మనిషి, ముక్కు చీదుకుని, గిన్నెలో మజ్జిగ వంపింది. నేను డబ్బా తెచ్చుకోలేదు. డబ్బాతో ఆ పొలం దాటితే ఊళ్ళో ప్రతి కిటికీకీ కళ్ళుంటాయి. నా సంచిలో నాక్ అనే ఊరి తీర్థానికి వెళ్ళినప్పుడు తెచ్చుకున్న పవిత్రజలం సీసా ఉంది, మరియమ్మ బొమ్మ ఉన్నది. ఆ నీళ్ళు సబీనా గుమ్మం మీద చల్లేసి సీసా ముందుకి జరిపాను. సబీనా దాన్ని చూసి, నన్ను చూసి, ఆ వేసవిలో మొదటిసారి అనుకుంటాను, నవ్వింది.

"పాపసంకీర్తనానికని చెప్పి వచ్చావా?"

"వచ్చే వారం ఇది కూడా కలిపి చెప్పుకుంటాను."

సీసా తెచ్చి వంటింటి గూట్లో పెట్టి, పాలు గోరువెచ్చన చేద్దామని పక్కకి తిరిగానో లేదో, ఫెస్టస్ మావయ్య కుర్చీలోంచి లేచాడు. ఆయన కదలడమే అరుదు. అందులోనూ భక్తి పుట్టి కదలడం. సీసా వంపి వేళ్ళు తడుపుకుని, నుదుటికీ గుండెకీ భుజాలకీ రాసుకుని, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఈ నీళ్ళు పులిసిపోయాయే" అన్నాడు.

"పాతవి మావయ్యా."

ఆయన సీసా కేసి చూశాడు. అత్తయ్య పడుకున్న గది కేసి చూశాడు. నుదుటి మీద తెల్లచుక్కతోనే వెళ్ళి కుర్చీలో కూచున్నాడు. "నేను నిద్రపోతున్నాను" అని చెప్పి కళ్ళు తెరుచుకుని నిప్పుల కేసి చూడసాగాడు.

దుకాణం పాలు వెచ్చబెట్టి ఆ తోడు కలిపి పొయ్యి వార గుడ్డ చుట్టి పెట్టాను. మర్నాటికి తోడుకుంది. దాన్ని ఇంకో కుండలో పాలకి వేశాను. చిక్కగా, పైన పొరతో, ముక్కుపుటాలు అదిరేంత పులుపుగా తయారయ్యాక, మట్టికూజాలో పోసి బల్ల మీద పెట్టాను. అలమర మీంచి బేసిను దించలేదు. పిండి సంచి మాత్రం పక్కన పెట్టి, "అత్తయ్యా, ఇప్పుడు దుకాణానికి పుల్లమజ్జిగ కూడా వస్తోంది. ఇక్కడ పెట్టాను. నేను కోళ్ళ దగ్గరికి పోతున్నా" అని గదిలోకి వినపడేలా చెప్పి బయటికొచ్చేశాను.

కోళ్ళకి ఆ రోజు మేత ఎక్కువైంది. వాన్లో కొట్టం గోడ వార నిలబడి, పొగగొట్టం కేసి చూస్తూ ఉన్నాను. పొగ చాలాసేపు సన్నగానే వచ్చింది. తరవాత ఎవరో నిప్పులు ఎగదోసినట్టు ఒక్కసారి దట్టంగా లేచింది.

లోపలికి వెళ్తే బేసిను కడిగి బోర్లించి ఉంది. అత్తయ్య పొయ్యి దగ్గర పీట మీద కూచుని ఉంది, కొంగుగుడ్డ నిండా పిండి. రొట్టె అయ్యాక కోస్తే లోపల తెల్లగా ఉంది. మలకీ మూడు ముక్కలు నిలబడే తిన్నాడు. అత్తయ్య ఒక ముక్క తుంచి, నెమ్మదిగా, కళ్ళు మూసుకుని నమిలింది. కూజాలో మిగిలిన మజ్జిగ కప్పులో పోసుకుని తాగింది.

"ఏ దుకాణం?" అంది.

"పట్నం నుంచి వస్తోంది."

"ఊఁ" అంది.

అప్పట్నుంచి రోజూ లేచింది. బంగాళదుంపలు తింది. ఆవిడ బుగ్గలకి రంగొచ్చింది. ఉప్పు నన్నే అడిగింది. పొలంలో గడ్డి నల్లబడే ఉంది, వాన పడుతూనే ఉంది. అయినా పొద్దున్న నిప్పుల మీంచి ఆ వాసన లేస్తే మేమంతా మళ్ళీ ఒక ఇంట్లో మనుషుల్లా మాట్లాడుకునేవాళ్ళం. ఆ మే ఒకటి సంగతి మలకీ నాతో ఇంకెప్పుడూ ఎత్తలేదు.

అక్టోబరులో ఒక పొద్దున్న అత్తయ్య రెండు రొట్టెలు చేసింది. ఒకటి ఇంటికి. రెండోది ఉతికిన గుడ్డలో చుట్టి, మూటకట్టి నా ముందు పెట్టింది.

"ఇది దానికి ఇచ్చిరా."

"ఎవరికి అత్తయ్యా?"

"ఎవరికో నీకు తెలీదా. తోడు ఎవరిచ్చారో వాళ్ళకి."

ఫెస్టస్ మావయ్య పైపు నోట్లోంచి తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మీకు... ఎప్పుడు తెలిసింది?"

"మొదటి ముక్కకే. మా అమ్మ మజ్జిగ పిల్లా అది. పుట్టిల్లు వదిలొచ్చినప్పుడు కుండలో తోడు తెచ్చుకున్నాను. నా నాలిక్కి తెలీదా?" కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. "ఆ గెరాటీది నా పాడి పట్టుకుపోయిందనుకున్నానా? నా నాలికా ఆ మాటే చెప్పింది, అది నా మజ్జిగేనని. పోన్లే. మళ్ళీ ఇచ్చేసింది."

నేను తోడు గురించి, క్రిముల గురించి చెప్పబోయి ఊరుకున్నాను. అప్పటికి నాకూ కొంత చదువు వచ్చింది.

"ఆ ఇంటి చుక్క నా గడప తొక్కదన్నాను" అంది ఆవిడ. "తొక్కింది. తెలిసీ తాగాను. రోజూ తాగాను. ఎందుకు తాగానో తెలుసా? రొట్టె కోసం." ఆవిడ బేసిను రెండు చేతుల్తో ఎత్తింది, అలమర పైకి కాదు, నా ముందుకి. "అది నీ చేత్తో పోయింది, నీ చేత్తో వచ్చింది. ఇంక నా చేతిలో ఏముంది? రేపట్నుంచి నువ్వే చెయ్యి."

"నాకు రాదు అత్తయ్యా."

"నాకూ రాదు అప్పట్లో."

కోపంగా అనలేదు. బాధగా కూడా అనలేదు. సంతలో తిరిగి కాళ్ళు నొప్పెట్టినవాళ్ళు సంచి పక్కవాళ్ళకి అందించినట్టు అంది. ఆ సాయంత్రం మలకీ చేత తన మంచం పొయ్యి వెనకాల గదిలోకి, పడమటి గదిలోకి మార్పించుకుంది. మా వైపు ఇల్లు కోడలి చేతికి వచ్చాక ముసలివాళ్ళు పోయి ఉండే గది అది. పొయ్యి గోడ వెచ్చదనం అటు కూడా తగులుతుంది. మలకీ మంచం మోస్తూ నా కేసి చూళ్ళేదు. నేను అడిగింది బేసిను. ఇచ్చింది ఇల్లు.

సబీనా ఆ రొట్టె తీసుకుని, గుడ్డ మళ్ళీ తెచ్చివ్వడానికి వచ్చి, ఆ వంకతో గదిలో మంచం పక్కన కూచుంది. వెళ్ళేటప్పుడు "వస్తా డిలియా" అంది. "ఊఁ" అంది అత్తయ్య.

రొట్టె అయిందో లేదో చూడ్డానికి కుండలోంచి తీసి, తిరగేసి, అడుగున వేలికణుపుతో తట్టాలి. మోత బోలుగా ఉంటే అయినట్టు. ఎంత బోలుగా ఉండాలో ఎవరూ చెప్పలేరు. మొదటి రోజు నా రొట్టె తిరగేసి తట్టాను. ఓరగా తెరిచి ఉన్న పడమటి గది తలుపు వెనకనుంచి గొంతు వచ్చింది.

"ఇంకా లేదు."

మళ్ళీ కుండలో పెట్టి నిప్పులు కప్పాను. కాసేపాగి తట్టాను.

"ఊఁ."

ఆ చలికాలమంతా మేమిద్దరం అలాగే రొట్టె చేశాం. క్రిస్మస్ దాటాక కొత్త ఆవులు వచ్చాయి. అప్పటికి మంచం దిగడమే తగ్గిన ఆవిడ చూడ్డానికి లేవలేదు, వాటి పేర్లు అడిగింది, అంతే. సోడా ఎంతో నా అరచేతికి తెలిసింది. మోత నా చెవికి తెలిసింది. అయినా తట్టేదాన్ని. ఒక్కోసారి అవ్వలేదని తెలిసీ ముందే తీసి తట్టేదాన్ని, "లేదంటుంటే వినవేం పిల్లా" అనిపించుకోవడానికి.

మార్చిలో ఒక పొద్దున్న వాన వెలిసింది. రొట్టె తీసి, తిరగేసి తట్టాను. గదిలోంచి ఏమీ రాలేదు. ఇంకోసారి, కాస్త గట్టిగా తట్టాను. ఫెస్టస్ మావయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

రొట్టె అయింది. దాన్ని గుడ్డలో చుట్టి కిటికీలో పెట్టాను. చేతులకి అంటిన పిండి కడుక్కుని, తుడుచుకుని, ఆ తలుపు తోశాను.